ఫోన్‌లో పరుగెత్తే వైఫై డెస్క్‌టాప్‌లో ఎందుకు కుంటుతుంది?

కంప్యూటర్ బల్ల మీద ఫోన్ పెట్టి ఇంటర్నెట్ వేగం కొలిస్తే సెకనుకు 92 మెగాబిట్లు చూపించింది. ఆ బల్ల కిందే ఉన్న డెస్క్‌టాప్‌లో అదే పరీక్ష చేస్తే అంకె 7 దాటలేదు. రూటర్ ఉన్న హాలుకూ ఈ గదికీ మధ్య అడ్డు ఒక్క ఇటుక గోడ మాత్రమే. నెలనెలా డబ్బు కడుతున్నది 100 మెగాబిట్ల ప్లానుకు కనుక నేను నేరుగా ఇంటర్నెట్ ఇచ్చేవారికే ఫిర్యాదు చేశాను. వచ్చిన కుర్రవాడు తన ఫోన్ తీసి, గదిలో రెండు మూలలా నిలబడి కొలిచి, "లైన్ బాగానే ఉంది సార్, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది, ఒకసారి చూపించుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. తప్పించుకోవడానికి అలా అన్నాడనుకున్నాను. అతడు చెప్పిందే నిజమని రెండు రోజుల తర్వాత, దుమ్ము దులపడానికి డెస్క్‌టాప్ కేబినెట్‌ను గోడ దగ్గర నుంచి ఇవతలికి లాగినప్పుడు తెలిసింది. వెనుక వైఫై కోసం ఇచ్చిన రెండు ఇత్తడి రంగు మరలు బోసిగా ఉన్నాయి. వాటికి బిగించవలసిన యాంటెన్నాలు మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టెలో, కవరు కూడా విప్పకుండా, అటక మీద భద్రంగా ఉన్నాయి.

యాంటెన్నా లేకపోయినా వైఫై ఎంతో కొంత దొరకడమే ఇందులోని చిక్కు. బొత్తిగా దొరక్కపోతే లోపం ఎక్కడో ఆ రోజే తెలిసిపోయేది. రూటర్ దగ్గరలో ఉంటే ఆ బోసి మరల ద్వారానే కొంత సిగ్నల్ లోపలికి చేరుతుంది, పేజీలు మెల్లగా తెరుచుకుంటాయి, మనం లైన్‌ను తిట్టుకుంటూ నెలలు గడిపేస్తాం. డెస్క్‌టాప్‌లో వైఫై మందగించినప్పుడు మొదట తేల్చుకోవలసినది ఒక్కటే: జాప్యం బయటి నుంచి రూటర్ దాకా వచ్చే లైన్‌లో ఉందా, రూటర్ నుంచి కంప్యూటర్ దాకా గాలిలో నడిచే దారిలో ఉందా, లేక కంప్యూటర్ లోపలే ఉందా? ఇది తేలకుండా రూటర్‌ను రీసెట్ చేయడం, కొత్త రూటర్ కొనడం, ప్లాన్ పెంచుకోవడం అన్నీ రోగం ఒకచోట ఉంటే మందు మరోచోట పూయడమే అవుతుంది.

కొలిచే ముందు కొలమానం సరిచూసుకోవాలి. ప్లాన్‌లో చెప్పే 100 అనేది మెగాబిట్లు. బ్రౌజర్‌లో ఫైల్ దిగుతున్నప్పుడు కనిపించేది మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు కనుక 100 మెగాబిట్ల లైన్ మీద ఫైల్ సెకనుకు 11 లేదా 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే ఆ లైన్ పూర్తి వేగంతోనే పనిచేస్తున్నట్లు లెక్క. ఈ తేడా తెలియక "వందకు డబ్బు కడితే పన్నెండే ఇస్తున్నారు" అని గొడవపడినవారిని నేను చూశాను.

లైన్‌నూ గాలినీ విడదీసి చూడటానికి అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి ఒక పది నిమిషాలు తీగ వాడటం. రూటర్‌తోపాటు ఇచ్చిన చిన్న లాన్ కేబుల్ గది దాకా అందకపోతే కేబినెట్‌నే హాలులోకి మోసుకెళ్లి రూటర్ పక్కన పెట్టి, వైఫై ఆపి, తీగ మీద వేగం కొలవాలి. తీగ మీద పూర్తి వేగం వచ్చిందంటే లైన్‌ను అనుమానించనక్కర్లేదు. తీగ మీద కూడా రాకపోతే వైఫైని ఎంత సవరించినా లాభం లేదు. ఈ పరీక్షను ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఒకసారి చేయడం మంచిది, ఎందుకంటే రాత్రి మాత్రమే వేగం పడిపోతుంటే ఆ సమయంలో వీధిలో అందరూ లైన్ వాడుతుండటం కారణం కావచ్చు, అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు వైఫైల రద్దీ కూడా కారణం కావచ్చు. తీగ మీద కూడా రాత్రి పడిపోతే మొదటిది, తీగ మీద నిలకడగా ఉండి వైఫైలోనే పడిపోతే రెండవది అనుకోవచ్చు.

కేబినెట్ మోయడం కుదరనివారు పింగ్‌తో చాలావరకు ఇదే సంగతి తెలుసుకోవచ్చు. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా కొడితే డీఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో రూటర్ చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ విడిచి ఆ చిరునామా, మళ్లీ ఖాళీ విడిచి ఒక చిన్న అడ్డగీత, దానికి ఆనించి టీ అక్షరం కొడితే కంప్యూటర్ ఆగకుండా రూటర్‌ను పలకరిస్తూ ఉంటుంది. కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కితే ఆగుతుంది. ఇది ఇంటర్నెట్ దాకా వెళ్లదు, ఇంట్లోని రూటర్‌ను తాకి తిరిగి వస్తుంది. వైఫై ఆరోగ్యంగా ఉంటే ప్రతి జవాబూ ఒకటి నుంచి అయిదారు మిల్లీసెకన్లలో వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఇరవైకో ముప్పైకో పోతే కంగారుపడనక్కర్లేదు. అలా కాకుండా 3, 4, 280, 5, 610 అంటూ అంకెలు ఎగిరెగిరి పడుతున్నా, మధ్యమధ్యలో రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ అన్న వరుస వస్తున్నా చిక్కు గాలిలోనే ఉందని నిర్ధారించుకోవచ్చు. నా యాంటెన్నాలు అటక మీద ఉన్న రోజుల్లో సరిగ్గా ఇలాగే ఉండేది.

తర్వాత చూడవలసినది లింక్ స్పీడ్. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి, అక్కడి నుంచి వైఫైలోకి వెళ్లి, మన నెట్‌వర్క్ పేరు పక్కనున్న ప్రాపర్టీస్ నొక్కితే కిందికి ఒక పట్టిక వస్తుంది. అందులో ప్రోటోకాల్ (వైఫై ఏ తరానిదో), నెట్‌వర్క్ బ్యాండ్ (ఏ రేడియో పట్టీలో నడుస్తోందో), చానెల్ (ఆ పట్టీలో ఏ భాగమో), లింక్ స్పీడ్ అనే వరుసలు మనకు కావాలి. లింక్ స్పీడ్ అంటే కంప్యూటరూ రూటరూ ఆ క్షణంలో మాట్లాడుకోవడానికి ఒప్పుకున్న వేగం, అంతే తప్ప ఇంటర్నెట్ వేగం కాదు. నిజంగా చేతికి వచ్చేది దానిలో సగమో, సగానికి కాస్త పైనో ఉంటుంది. ప్రోటోకాల్ వైఫై 4, బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, లింక్ స్పీడ్ 72 అని ఉంటే అది ఒక్క యాంటెన్నా దారి మీద నడుస్తోందనీ, ఎంత పెద్ద ప్లాన్ ఉన్నా 40 మెగాబిట్ల దరిదాపుల్లోనే ఆగిపోతుందనీ అర్థం. ప్రోటోకాల్ వైఫై 5, బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్, లింక్ స్పీడ్ 433 గానీ 866 గానీ ఉంటే 100 మెగాబిట్ల ప్లాన్‌కు గాలిలో ఏ అడ్డంకీ ఉండకూడదు. ఆ అంకె 6, 13, 19 వంటి చిన్న సంఖ్యల దగ్గర తచ్చాడుతుంటే సిగ్నల్ బలహీనంగా ఉండి రెండు వైపులా గొంతు తగ్గించుకుని మాట్లాడుతున్నాయన్న మాట.

గాలిలోనే చిక్కు అని తేలిన తర్వాత డెస్క్‌టాప్ విషయంలో అసలు దోషి చాలాసార్లు యాంటెన్నా, అది ఉన్న చోటు. మన వాడుకలో సీపీయూ అని పిలుచుకునే డబ్బా నిజానికి ఒక ఇనుప పెట్టె. వైఫై కార్డు యాంటెన్నాలు ఆ పెట్టెకు వెనుక వైపు, గోడకు నాలుగు వేళ్ల దూరంలో, విద్యుత్ తీగల చిక్కుముడి మధ్య ఉంటాయి. రూటర్ ముందు వైపు ఉంటే సిగ్నల్‌కు ఇనుప పెట్టె మొత్తం అడ్డు నిలుస్తుంది. ఫోన్‌కు ఈ బాధ లేదు, ఎందుకంటే దాన్ని మనం చేతిలో పట్టుకుని, నేలకు మూడడుగుల ఎత్తున, నలువైపులా ఖాళీగా ఉన్న చోట వాడతాం. కాబట్టి డెస్క్‌టాప్‌ను ఫోన్‌తో పోల్చేటప్పుడు ఫోన్‌ను బల్ల మీద కాకుండా కేబినెట్ వెనుక, యాంటెన్నా ఉన్న చోటే నేల మీద పెట్టి కొలిచి చూడాలి. మా ఇంట్లో బల్ల మీద 92 చూపిన ఫోన్ అక్కడ 41 చూపించింది.

కార్డుకు యాంటెన్నాలు ఉంటే ముందుగా అవి మరలకు చివరి దాకా బిగిసి ఉన్నాయో లేదో చూడాలి. వేళ్లతో బిగిస్తే చాలు, పట్టకారు వాడితే మర తెగుతుంది. ఆ తర్వాత కేబినెట్‌ను నేల మీద నుంచి బల్ల మీదికి మార్చడం, లేదా వెనుక భాగం రూటర్ వైపు ఉండేలా తిప్పడం చేయవచ్చు. కేబినెట్‌ను కదిలించడం కుదరకపోతే తీగతో వచ్చే అయస్కాంతపు పీట యాంటెన్నా కొనుక్కుని, దాన్ని బల్ల మీదో కిటికీ గట్టు మీదో పెట్టుకోవచ్చు. యాంటెన్నాలు రెండు ఉంటే ఒకదాన్ని నిలువుగా, రెండవదాన్ని కొంచెం వాల్చి ఉంచితే మేలు.

వైఫై కార్డుకు బదులు యూఎస్‌బీ పోర్టుకు తగిలించే డాంగిల్ వాడేవారి కథ వేరు. వేలి గోరంత ఉండే చిన్న డాంగిళ్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే, ఒకే యాంటెన్నాతో పనిచేస్తాయి. పెట్టె మీద 150 అని రాసి ఉంటుంది గానీ ఇల్లంతా వైఫైలు నిండిన అపార్ట్‌మెంట్‌లో దాని నుంచి 30 వచ్చినా సంతోషించాలి. అంతకన్నా తెలియని ఇబ్బంది ఇంకొకటి ఉంది. కేబినెట్‌లోని నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులూ, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులూ పనిచేసేటప్పుడు వెలువడే విద్యుత్ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది. ఇంటెల్ సంస్థే 2012లో ఒక సాంకేతిక పత్రంలో ఈ సంగతి వివరించింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి సినిమాలు కాపీ చేస్తున్నంతసేపూ వైఫై నత్తనడక నడిచి, కాపీ అయిపోగానే కోలుకుంటుంటే అనుమానమే అక్కర్లేదు. దీనికి వైద్యం చాలా చవక. ఒక మీటరు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి, డాంగిల్‌ను దాని చివర తగిలించి, కేబినెట్‌కు దూరంగా, ఎత్తుగా పెట్టడమే. కొత్త రూటర్ కొనాలని నిశ్చయించుకుని నన్ను సలహా అడిగినవారికి ముందు ఈ తీగ తెచ్చి చూడమనే చెబుతుంటాను.

ఇక బ్యాండ్ సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది గానీ ఇరుకు. 5 గిగాహెర్ట్జ్ వెడల్పైన రహదారి గానీ గోడలకు త్వరగా అలసిపోతుంది. మన దేశంలో 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అవసరం లేకుండా ఎక్కువ చోటు ఇచ్చారు కనుక అక్కడ రద్దీ తక్కువ. రూటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఒకటి రెండు గోడలే ఉంటే డెస్క్‌టాప్‌ను 5లోనే ఉంచాలి. చాలా రూటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టడం వల్ల కంప్యూటర్ తనకు తోచినదాన్ని పట్టుకుని వేలాడుతుంది. రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి దానికే కలుపుకోవడం ఒక పద్ధతి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ అన్న చోట ప్రిఫర్డ్ బ్యాండ్ 5కు మార్చడం మరొకటి. ఫోన్‌లో కనిపించే 5 గిగాహెర్ట్జ్ పేరు డెస్క్‌టాప్‌లో అసలు కనిపించకపోతే కార్డుకు 5 చేతకాకపోవచ్చు, లేదా రూటర్ 52 నుంచి 144 మధ్య చానెళ్లలో ఉండి ఉండవచ్చు. వాతావరణ రాడార్ల వంటివాటితో పంచుకునే ఆ చానెళ్లను కొన్ని డాంగిళ్లు పట్టించుకోవు. రూటర్‌లో 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ చానెల్ పెడితే పేరు ప్రత్యక్షమవుతుంది.

2.4 తప్ప గతిలేనివారు చానెల్ మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి. ఈ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి ఒరుసుకోకుండా నిలిచేవి 1, 6, 11 చానెళ్లు మాత్రమే. ఫోన్‌లో వైఫై అనలైజర్ తరహా యాప్ వేసుకుని చూస్తే పక్క ఫ్లాట్ల వైఫైలు ఎక్కడ కిక్కిరిసి ఉన్నాయో బొమ్మ గీసి చూపిస్తుంది. వాటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని, చానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాలి. 40 పెడితే రెట్టింపు వేగం వస్తుందని ఆశపడతాం గానీ, అపార్ట్‌మెంట్‌లో అది పొరుగువారందరితో తగవు పెట్టుకోవడమే.

రూటర్ పెట్టిన చోటు గురించి చాలా చోట్ల రాస్తుంటారు కనుక నేను ఒక్క మాటతో ముగిస్తాను: బీరువా. మన ఇళ్లలో పడకగదిలో నిలువెత్తు ఇనుప బీరువా, దానికి నిలువుటద్దం తప్పనిసరి, అది తరచుగా హాలు గోడకే ఆనుకుని ఉంటుంది. రూటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య గీసిన ఊహారేఖ మీద బీరువా గానీ, ఫ్రిజ్ గానీ, అల్యూమినియం దోమల జాలీ తలుపు గానీ ఉంటే రూటర్‌ను రెండు మూడు అడుగులు పక్కకు జరిపినా తేడా కనిపిస్తుంది. టీవీ వెనుక దాచిన రూటర్‌ను బయటికి తీయాలని వేరే చెప్పనక్కర్లేదు.

పింగ్ నిలకడగా, లింక్ స్పీడ్ బాగా ఉండి కూడా ఇంటర్నెట్ మందంగానే ఉంటే, తీగ మీద లైన్ బాగుందని ముందే తేలింది కనుక, కంప్యూటర్ లోపల వెతకాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అన్న నిలువు వరుస శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తింటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. ఫోటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తున్న వన్‌డ్రైవ్, అప్‌డేట్లు దించుకుంటున్న విండోస్, ఇంటర్నెట్‌ను మరో సర్వర్ మీదుగా చుట్టు తిప్పే, ఎప్పుడో పరీక్షించి మరచిపోయిన వీపీఎన్, ఇవి నాకు తరచుగా దొరికిన దొంగలు. ఎక్కించే పని దించే వేగాన్ని కూడా చంపుతుందని చాలామందికి తట్టదు. అప్‌లోడ్ దారి నిండిపోతే మనం పేజీ అడిగే చిన్న కోరిక కూడా వరుసలో నిలబడవలసిందే. విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోని డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇతర కంప్యూటర్లకు పంచే మీటను ఆపివేయడం కూడా మంచిదే.

వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అన్న భాగం ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న టిక్కును తీసివేయాలి. అది బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కు పనికివస్తుంది గానీ గోడకు తగిలించిన డెస్క్‌టాప్‌కు అనవసరం. డ్రైవర్‌ను మదర్‌బోర్డు లేదా కార్డు తయారీదారు వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోవాలి, డ్రైవర్లు నింపిపెడతామని ఊరించే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోకూడదు. పాత రూటర్లలో ఇంకో ఉచ్చు ఉంటుంది. సెక్యూరిటీ దగ్గర టీకేఐపీ గానీ డబ్ల్యూఈపీ గానీ (రెండూ పాతకాలపు భద్రతా పద్ధతులు) ఎంచుకుని ఉంటే వైఫై 4, దాని తర్వాతి ప్రమాణాల వేగాలు అందుబాటులోకి రాక లింక్ స్పీడ్ 54 దగ్గరే ఆగిపోతుంది. వాటి తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని మార్చగానే అది ఎగబాకుతుంది. వెబ్‌సైట్ పేరుకు దాని అంకెల చిరునామా వెతికిచ్చే డీఎన్‌ఎస్‌ను మార్చమన్న సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టుకుంటే పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ముందు ఆలస్యం తగ్గవచ్చు గానీ, ఫైల్ దిగే వేగం పెరగదు.

తీగ మీద కూడా వేగం రాలేదని తేలినవారు ముందు తమ ప్లాన్ డేటా పరిమితి దాటిందేమో ఆపరేటర్ యాప్‌లో చూసుకోవాలి. అన్‌లిమిటెడ్ అని పిలిచే ప్లాన్లు చాలావాటిలో 3,300 జీబీ వంటి నెలవారీ హద్దు ఉంటుంది, అది దాటితే వేగం కొన్ని మెగాబిట్లకు పడిపోతుంది. ఫైబర్ తీగ తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగుతుగా మెలిపెట్టినా కాంతి తగ్గుతుంది. ఫైబర్ పరికరం పేజీలో ఆప్టికల్ పవర్, అంటే చేరుతున్న కాంతి బలం, మైనస్ 27 డీబీఎం కన్నా దిగజారి (మైనస్ 28, 29 అలా) ఉంటే ఆ అంకెను ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయాలి. ఉత్త మాటగా "స్లోగా ఉంది" అంటే దక్కని శ్రద్ధ ఆ అంకెకు దక్కుతుంది.

వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ కొనే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్ విన్న ప్రతి మాటనూ మళ్లీ అదే గాలిలో వల్లించాలి కనుక వేగం దాదాపు సగమవుతుంది. ఫోన్లు ఇల్లంతా తిరుగుతాయి కాబట్టి వాటికి వైఫై తప్పదు. డెస్క్‌టాప్ కొన్న నాడు పెట్టిన చోటే ఏళ్ల తరబడి ఉంటుంది, కాబట్టి వీలున్నచోట దానికి తీగ లాగించుకోవడమే నాకు నచ్చే మార్గం. క్యాట్ 5ఈ రకం లాన్ తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోయగలదు, ఏ ఇంట్లోనూ అంత పొడవు అవసరం రాదు. టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఖాళీగా ఉంటే అందులోనే లాగవచ్చు గానీ, కరెంటు తీగలు ఉన్న పైపులో మాత్రం పెట్టకూడదు. తీగ కొసలకు క్లిప్పులు కొట్టించిన తర్వాత సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ లింక్ స్పీడ్ చూడాలి. రూటర్ పోర్టు గిగాబిట్‌దై ఉండి కూడా అక్కడ 1000 బదులు 100 కనిపిస్తే ఎనిమిది పోగుల్లో ఏదో ఒకటి క్లిప్పులో సరిగా కూర్చోలేదని అనుమానించి, తీగ లాగిన మనిషి మెట్లు దిగకముందే పిలిచి ఆ కొసను కత్తిరించి మళ్లీ కొట్టించుకోవాలి.